ఆరో ముక్కు

తార్నాక చర్చిలో పాడే ఐదుగురు మగవాళ్ళకీ ఒకే వారంలో మెడ వెనక చీముగడ్డలు లేచాయని తెలిసి విజయకుమారి తల పట్టుకుంది. వచ్చే ఆదివారమే ఆమె పెళ్ళి. పాడవలసింది వాళ్ళే!

యూనివర్సిటీలో సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసే పిల్ల ఊరుకుంటుందా? చీము పరీక్షిస్తే బంగారు రంగు బాక్టీరియా బయటపడింది. అది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ ముక్కుల్లోనే కాపురం పెట్టి, చేతుల మీదుగా ఊరేగుతుంది. ఐదు ముక్కులూ దూదిపుల్లతో తుడిచి చూసింది. ఒక్కదాంట్లోనూ లేదు. ఇక మిగిలింది, ప్రతి శనివారం వాళ్ళందరికీ మెడలు గొరిగిపెట్టే పెళ్ళికొడుకు ముక్కు!

అదీ తుడిచి, ఆ దూదిపుల్లని గాజుపళ్ళెంలో రుద్దిపెడితే రెండు రోజులకు పళ్ళెం నిండా బంగారమే. విజయకుమారి దాన్ని తీసుకుని నేరుగా అతనింటికి వెళ్ళింది.

"రత్నకుమార్ గారూ, నిశ్చితార్థం నాడు బైబిలు మీద చెయ్యేసి ముక్కుపొడుం మానేశానన్నారు. మరి మీ ముక్కులో పెట్టిన దూదిపుల్ల గోధుమరంగుకి తిరిగిందేమిటండీ? నిజం చెబితేనే పెళ్ళి!"

రత్నకుమార్ మూడుసార్లు తుమ్మాడు.

"మానలేదు విజయా! సగం మెడ గొరిగి ఒక పట్టు, మిగతా సగానికి ఇంకో పట్టు పీల్చాను. ఆ వేళ్ళతోనే అందరి మెడలూ నిమిరాను. ఐదు గడ్డలకీ నేనే కారణం. ఇదిగో పొడుం డబ్బా, పారేయ్!"