నాలుగో భాగంలో చూడండి

నాది బైండింగ్ పని. కొత్తగూడెం పోస్టాఫీస్ సెంటర్‌లో దుకాణం. ముందు జిరాక్స్ మిషన్, వెనక కుట్టుపని. ఏడో తరగతిలో బడి మానేశాను గానీ, ముప్పై ఏళ్లుగా చేతికొచ్చిన పుస్తకమల్లా కుట్టేముందు చదివాను. ఆ అనుభవంతో చెబుతున్నా: రెండు వందల పేజీలు కూడా లేని పుస్తకాన్ని ఆరు ముక్కలు చేసి, ముక్కకు రెండు పిన్నులు కొట్టి, రెండు నెలలకొకటి ఇస్తామనేవాడికి పుస్తకం మీదా ప్రేమ లేదు, చదివేవాడి మీదా లేదు.

ఇది కథల పుస్తకం కాదు, ఆట పుస్తకం. ఒకడు చదివి నడిపిస్తాడు. మిగతావాళ్లు తలో వేషం ఎంచుకుని, "నేను ఫలానా పని చేస్తున్నా" అంటారు. ఆ పని అయిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. ఎక్కువ పడితే అయినట్టు. దారులు, ఊళ్లు, ఎదురయ్యే మనుషులు పుస్తకంలో ఉంటారు. చివరికి ఏమవుతుందన్నది మాత్రం ఆడేవాళ్ల చేతిలో ఉంటుంది. అట్లాగని మొదటి పేజీలో రాశారు.

దీన్ని తెచ్చింది ఏంజెల్. ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే పిల్ల, బొగ్గు గనిలో పనిచేసే ఆంథోని కూతురు. రెండేళ్ల కింద ఫోన్‌లో మొదటి భాగం పట్టుకొచ్చి ప్రింట్ తీయమంది. పేరు 'శబరి అవతలి గట్టు'. హైదరాబాద్‌లో జగదీష్ అనే ఆయన వేస్తున్నాడు.

"బాబాయ్, నువ్వయితే గొంతు పెట్టి చదువుతవ్. నువ్వే నడపాలె," అంది. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మ పోయినంక నాన్న ఇంట్ల నోరు తెరుస్తలేడు. గిదన్న ఆడతడేమో," అంది.

వాళ్లమ్మ విశ్రాంతమ్మ వానల్లో పోయింది. ఆ రోజు ఆంథోని గనిలో సెకండ్ షిఫ్ట్. పైకి వచ్చి, వాగు దాటి దవాఖానాకు చేరేసరికి అంతా అయిపోయింది.

అట్లా ఆదివారం చర్చిలో పూజ అయ్యాక నా దుకాణంలో కూర్చోవడం మొదలైంది. ఆంథోని వేటగాడు, ఏంజెల్ దొంగ, ఆటో నడిపే రూప్లా మంత్రగాడు. శబరి నది అవతల కొండకోటలో పడవవాడి కూతురు చిక్కుకుంది. ఆమెను ఇంటికి తేవాలి. అంతే కథ. ఆంథోని మొదటి వారం మూడు మాటలు మాట్లాడాడు. నెల తిరిగేసరికి రూప్లాతో పోట్లాడుతున్నాడు. ఒకసారి పాచిక చేతిలో తిప్పుతూ, "ఈసారన్న టైంకు పోవాలె," అన్నాడు.

రెండో భాగం మూడు నెలలకు వచ్చింది. అందులో అడవి. పన్నెండో పేజీ చదివాను: 'పొద్దు వాలే వేళకు దొర ఎదురవుతాడు. చేతిలో గొడ్డలి. ఎటు పోతున్నారని అడుగుతాడు.'

"అడివిల గూడ దొరలేనా!" అన్నాడు రూప్లా. "వీళ్లు లేని జాగనే లేదా?"

"ఎటు పోతున్నరంటడా? వాని అయ్య జాగీరా?" ఆంథోని కుర్చీ ముందుకు జరిపాడు. "ఇంకేం రాసిండు కిష్ణా?"

పేజీ అడుగున ఒక్క వాక్యం ఉంది: 'ఇతని గురించి నాలుగో భాగంలో చూడండి.' ఆ భాగం ఇంకా రానేలేదు. ఎక్కడ చూడాలి?

"ఏం రాయలే అన్నా. నిలబడ్డడు, అంతే."

"అయితే కొడుతున్న."

"నాన్నా, ముందుగాల మాట్లాడుదాం," అంది ఏంజెల్.

"ముదిగొండల మా తాత మాట్లాడిండు బిడ్డా. గడీ ముంగట చెప్పులు చేతుల పట్టుకొని నలభై ఏండ్లు మాట్లాడిండు."

పాచిక వేశాడు. పందొమ్మిది. దొర కూలిపోయాడు. ఎట్లా కూలాడో పుస్తకంలో లేకపోయినా నేనే గొంతు పెంచి చెప్పాను. రూప్లా బల్ల గుద్దాడు. నేను అందరికీ చాయ్ తెప్పించాను. ఆంథోని ఆ రోజు నవ్వినంతగా మళ్లీ నవ్వడం నేను చూడలేదు.

మూడో భాగానికి ఎనిమిది నెలలు పట్టింది. అది కొండ కిందికి తీసుకుపోయి ఆపేసింది. 'ఇక్కడి నుంచి దారి తెలిసిన మనిషి ఉండాలి' అన్నది ఆఖరి వాక్యం. ఆ మనిషి తర్వాతి భాగంలో వస్తాడులే అనుకున్నాం. నెల నెలా ఫోన్‌లో జగదీష్ మెసేజ్ మాత్రం వచ్చేది. మిత్రులారా, నాణ్యత కోసమే ఆలస్యం, అని.

జనవరిలో ఏంజెల్ ఒక్కతే దుకాణానికి వచ్చింది. మార్చి నెలాఖరుకు ఆంథోని రిటైర్మెంట్. క్వార్టర్ ఖాళీ చేసి ముదిగొండలో తమ్ముడి ఇంటికి పోతాడు. తను హాస్టల్లో ఉంటుంది.

"పోయేలోపల పడవోని పిల్లను ఇంటికి చేర్పియ్ బాబాయ్. నాన్న రోజూ అడుగుతుండు, పుస్తకం వచ్చిందా అని. నేను ఇంకేమడగ."

ఆమె ఎదుటే జగదీష్‌కు ఫోన్ చేశాను.

"మిగతా మూడూ ఒకేసారి పంపండి సార్. బొమ్మలు లేకున్నా పర్లేదు. నేనే కుట్టుకుంట."

"అట్లా కుదరదండీ. విడివిడిగా వస్తేనే ఆసక్తి పెరుగుతుంది."

"మావోనికి ఆసక్తి మస్తుగుంది. టైమే లేదు. కనీసం చేతిరాత కాయితాలన్న పంపండి."

"నాలుగు రెడీ అవుతోంది. అయిదు సగం అయింది. ఆరు... రచయిత ఇంకా మొదలుపెట్టలేదండీ."

ఏంజెల్ నా ముఖం చూసి అడగకుండానే వెళ్లిపోయింది. జగదీష్ ముగింపు లేకుండానే మొదటి ముక్క అమ్మాడు. నేను అట్ట లేకుండా పుస్తకం కుట్టి ఇస్తే గిరాకీ నా ముఖాన కొట్టిపోతాడు.

మార్చి రెండో వారంలో నాలుగో భాగం వచ్చింది. మిషన్ లోంచి కాగితాలు వేడివేడిగా పడుతుంటే నిలబడే చదివాను. మొదటి పేజీలోనే ఉంది: 'రెండో భాగంలో కలిసిన దొర ఈపాటికి మీవాళ్లకు ఆప్తుడై ఉంటాడు. కొండకోటకు దారి ఆ కోయపెద్దకు తప్ప మరెవరికీ తెలియదు. పడవవాడి కూతురిని ఇన్నాళ్లూ దాచి కాపాడింది ఆయన మనుషులే.'

రాసినాయనది చింతూరు వైపట. భద్రాచలం దాటితే కోయ పెద్దమనిషిని 'దొరా' అనే పిలుస్తారు. నేనూ పిలిచాను. 'ఏం దొరా, తేనె ఎట్లిస్తవ్' అని సంతలో ఎన్నిసార్లు అడగలేదు! ఆయనకు అదే మాట కాబట్టి 'కోయ' అని ముందు చేర్చాలని తోచలేదు. మాకు గడీల దొర తప్ప మరొకడు తోచలేదు. మొత్తం ఒక్క పుస్తకంగా ఉండి ఉంటే ముందుకు నాలుగు కాగితాలు తిప్పి చూసేవాణ్ని. పందొమ్మిది పడ్డా ఆపేవాణ్ని.

ఒక ఉపాయం ఆలోచించాను. ఆదివారం అందరూ కూర్చున్నాక, "చెట్ల చాటు నుంచి దొర తమ్ముడు వచ్చాడు. దారి చూపిస్తానంటున్నాడు," అన్నాను.

ఆంథోని నన్నే చూస్తున్నాడు. "కాయితం జూడకుండ చెప్తున్నవేంది?"

"బట్టీ వచ్చిందన్నా."

"నీకు బట్టీ వస్తే ఏడో తరగతితోని ఎందుకు ఆగిపోతవ్? ఇటియ్."

చెయ్యి చాపి లాక్కున్నాడు. వేలు పెట్టి ఒక్కో వరుసే చదివాడు.

"కోయదొరనా?"

"అవ్ అన్నా."

"మరి గట్ల రాయొద్దా?"

"వాళ్లకు గదే మాటనట."

"గొడ్డలి కట్టెలకు పట్టుకున్నడు గావచ్చు," అన్నాడు. "ఎటు పోతున్నరని అడిగిండు గంతే," అన్నాడు.

"అన్నా, నా కాడ బతికిచ్చే మంత్రముంది, ఏస్త," అన్నాడు రూప్లా. అట్లాంటి మంత్రం లేదని నలుగురికీ తెలుసు.

"ఆటే గద నాన్నా," ఏంజెల్ ఆయన భుజం పట్టుకుంది. "తమ్ముడొచ్చిండనుకుందాం. బాబాయ్ నడిపేటోడు, ఆయన ఏమంటే గదే."

"అన్నను సంపినోనికి తమ్ముడు దారి జూపిస్తడా బిడ్డా?"

పిన్నులు కొట్టిన ఆ ముక్కను ఆంథోని మెల్లగా బల్ల మీద పెట్టి, టోపీ తీసుకుని పోయాడు.

మార్చి ఆఖరి ఆదివారం సామాను ఎక్కించిన ట్రాలీ నా దుకాణం ముందే ఆగింది. ముదిగొండకు పోయే బండి. ఆంథోని దిగి లోపలికి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. వెనకే ఏంజెల్, రూప్లా.

"నడుద్దాం," అన్నాడు.

"దారి తెల్వదు గదన్నా."

"తెల్వకనే నడుద్దాం. పిల్ల ఎదురు సూడదా?"

పుస్తకంలో ఆ దారికి పేజీ లేదు. దొర లేకుండా వెళ్లేవాళ్లకు ఏమెదురవుతుందో రాసినాయన ఒక్క ముక్కా రాయలేదు. ఇన్నేళ్లూ ఇంకొకరు రాసింది చదవడమే తప్ప సొంతంగా ఒక్క ఊరు, ఒక్క మనిషి నా నోట పుట్టింది లేదు. పుట్టిన ఒక్క దొర తమ్ముణ్నీ ఆంథోని నిలబడనియ్యలేదు.

"ముంగట ఏమున్నది?" అన్నాడు.

"చెట్లు."

"దాటినం. ముంగట?"

"చెట్లే అన్నా."

ఏంజెల్ తల దించుకుంది. బయట ట్రాలీవాడు హారన్ కొట్టాడు. ఆంథోని అటు చూడకుండానే పాచిక తీసి వేశాడు. పద్దెనిమిది పడింది.

మంచి అంకె. దానికి ఏ దారి చూపాలో తెలియక నేను బల్ల వైపే చూస్తూ కూర్చున్నాను.