ఐదోనెల చలిమిడి

గెస్ట్ ఫ్యాకల్టీ అంటే అతిథి మర్యాదలేవో జరుగుతాయనుకునేరు! ఏప్రిల్లో పరీక్షలవగానే ఇంటికి పొమ్మంటారు. జూన్‌లో అదే పాఠానికి, అదే కుర్చీకి మళ్ళీ ఇంటర్వ్యూ అంటారు. రాజమండ్రి దగ్గర ఒక యూనివర్సిటీలో రమ్యశ్రీ ఆరేళ్ళుగా కెమిస్ట్రీ చెబుతోంది. ఏటా పెళ్ళిచూపుల్లో పిల్లలా తలొంచుకుని ఇంటర్వ్యూ కమిటీ ముందు కూర్చోవడమే.

ఈసారి మాత్రం భయం వేరు. ఆమెకి ఐదో నెల. గెస్టులకి ప్రసూతి సెలవన్న మాటే లేదు. కిందటేడు దుర్గాశ్రీ అనే ఆవిడ కడుపుతో ఉందని తెలియగానే, "మధ్యలో క్లాసులెవరు చెప్తారమ్మా?" అని పక్కన పెట్టేశారు. పైగా ఈ ఏడాది చేరే పిల్లలు తగ్గారట, ఉన్న ఇద్దరు గెస్టుల్లో ఒక్కరే చాలన్నారు. భర్త సురేష్‌బాబు పనిచేసే షాపు మూతపడింది. ఇదీ పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే రమ్యశ్రీ గంజి పెట్టిన చీర కట్టి, పైట నిండుగా కప్పుకుని, ఫైలు పొట్టకి అడ్డం పెట్టుకుని వరండాలో కూర్చుంది.

సంగతి తెలిసిన మనిషి పక్కనే ఉంది. పేరు వీరవేణి, రెండో గెస్టు. మాఘంలోనే పెళ్ళయింది. మొన్న ల్యాబు సర్దడానికి రమ్మంటే, అదీ జీతం లేకుండానే సుమండీ, ఇద్దరూ వచ్చారు. ఆ ముందురోజే రమ్యశ్రీ తల్లి ఆత్రేయపురం నుంచి వచ్చి, కూతురి కడుపు చల్లగా ఉండాలని ఐదోనెల చలిమిడి పెట్టి వెళ్ళింది. ఆకలికి ఆగలేక ఈ పిచ్చితల్లి ఒక ముద్ద డబ్బాలో పెట్టుకొచ్చింది. పండగా పబ్బమా, స్టాఫ్ రూంలోకి చలిమిడి ఎందుకొస్తుంది? అలవాటుగా మూత తీసిన వీరవేణి ఆ ముద్దని చూసింది, రమ్యశ్రీ పొట్టని చూసింది.

"ఎన్నో నెలక్కా?" అంది గుసగుసగా.

"ఐదు. ఎవరితోనూ అనకే, నీకు పుణ్యముంటుంది."

"ఛ! నేనంటానా?" అంటూనే సగం తుంచుకుని నోట్లో వేసుకుంది. అప్పుడే ఆయా చీపురు పట్టుకుని లోపలికొచ్చింది.

ఆనాటి నుంచి రమ్యశ్రీకి కంటి మీద కునుకు లేదు. వీరవేణి మంచిదే. కానీ ఉద్యోగం ఒకటి, మనుషులిద్దరు. ఎంత మంచిదైనా ఎన్నాళ్ళు నోరు కట్టుకుంటుంది?

ముందు వీరవేణిని పిలిచారు. బయటికొస్తూ ఆమె ఏదో చెప్పబోయింది. అంతలోనే అటెండరు "రమ్యశ్రీ మేడమ్, రండి" అన్నాడు. చెప్పేసింది, అయిపోయింది నా పని, అనుకుంటూ రమ్యశ్రీ లోపలికి వెళ్ళింది.

హెడ్డు జానకిరామ్ గారు పాఠాల గురించి ఒక్క ముక్క అడగలేదు.

"స్టాఫ్ రూంలో చలిమిడి తిన్నారటగా మీరిద్దరూ? ఆయా చెప్పింది. మా ఇంట్లోనూ ఆడవాళ్ళున్నారు, ఆమాత్రం తెలుసు. ఎవరిదమ్మా అది?"

వీరవేణి నిజం చెప్పేసి ఉంటే ఈయన ఎవరిదని ఎందుకడుగుతాడు? ఆ ఆలోచనే రమ్యశ్రీకి తోచలేదు. భయం ముందు మింగేది బుర్రనే కదా.

"వీరవేణి తెచ్చిందండి."

"అంటే ఆవిడకేమైనా విశేషమా?"

ఇక్కడైనా తెలియదండి అనొచ్చు. అనలేదు మహాతల్లి. తలూపింది.

జానకిరామ్ గారు పక్కనున్న కమిటీ మెంబరు వైపు తిరిగి "చూశారా?" అన్నారు. ఎందుకన్నారో ఆమెకి అర్థం కాలేదు.

బయట వీరవేణి ఎదురొచ్చింది. "చలిమిడి సంగతి అడిగారా అక్కా? నీకు చెప్దామనుకునేలోగానే పిలిచేశాడు. 'నేనే తెచ్చానండి, మా పిన్నికూతురి పెళ్ళి చలిమిడి' అని చెప్పేశాను. నీ మాటే రానివ్వలేదు. నువ్వేమన్నావు?"

రమ్యశ్రీ దొంగకి తేలు కుట్టినట్టు నిలబడిపోయింది.

"నువ్వే తెచ్చావన్నాను."

"హమ్మయ్య! ఇద్దరి మాటా కలిసింది."

కాసేపటికి అటెండరు వచ్చాడు. "రమ్యశ్రీ మేడమ్, సోమవారం నుంచి మిమ్మల్ని రమ్మన్నారండి. వీరవేణి మేడమ్, మీకు ఈసారికి లేదన్నారండి."

వీరవేణి మొహం వాడిపోయింది. రమ్యశ్రీ బావురుమంది.

"ఊరుకో అక్కా," అంది వీరవేణి, తన కళ్ళు తుడుచుకుంటూనే. "నాకు ఇంకో కాలేజీ దొరక్కపోదు. ఇలాంటప్పుడు ఏడిస్తే లోపల బిడ్డకి మంచిది కాదు."

రమ్యశ్రీ నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది. అంతలో జానకిరామ్ గారు తలుపు తీసుకుని వరండాలోకి వచ్చారు. ఆమె నోరు మూసుకుంది.