అట్టపెట్టెల బొమ్మ

"దీంట్లో పిల్లకు ఊపిరాడకపోతే ఎట్ల?" అని పైకే అన్నాను. అప్పటికి పెట్టెకు కత్తెర కూడా పెట్టలేదు.

చింతపండు పిసుకుతున్న మా అత్త సంపూర్ణమ్మ తల తిప్పకుండానే, "మొదలువెట్టింది. బొమ్మ ఏషానికి గూడ నూటెనిమిదికి ఫోన్ కొట్టేటట్టున్నది," అన్నది.

బాలల దినోత్సవానికి బడిలో వేషాల పోటీ. మూడో తరగతి చదివే మా గ్రేస్ రోబో బొమ్మ వేషం వేస్తానంది. వీపున కీ తిప్పితే టకటకా నడిచే బొమ్మను భద్రాచలంలో ఒక దుకాణం ముందు చూసి, అక్కడి నుంచి కదలనన్న పిల్ల. బొమ్మ కొనలేమన్నాం కదా, అయితే నేనే బొమ్మనైతా అన్నది.

దమ్మపేట కిరాణం కొట్టులో అడిగితే సబ్బుల పెట్టె ఒకటి, బిస్కెట్ల పెట్టె ఒకటి ఇచ్చారు. పెద్దది ఒంటికి, చిన్నది తలకు. టీ పొడి పాకెట్లు లోపలి వైపు తిప్పితే వెండిలాగా మెరుస్తాయి. వాడంతా తిరిగి అవి పోగేశాను. కళ్ళకు సోడా మూతలు. దారంతో కుడితే అట్ట చిరిగిపోతోంది. అప్పుడు మా అమ్మ అడ్డాకులతో విస్తర్లు కుట్టే తీరు గుర్తొచ్చింది. వెదురు చీల్చి సన్నటి పుల్లలు చేసి, ఆకుకు ఆకు కలిపినట్టే అట్టకు అట్ట కలిపాను. పుల్ల పిల్లకు గుచ్చుకుంటే? ప్రతి మొననూ బయటికి తిప్పి దాని మీద కొవ్వొత్తి మైనం కార్చాను. చెమటకు సొమ్మసిల్లితే? ముక్కు దగ్గర, చంకల దగ్గర కన్నాలు. స్టేజీ మీద తట్టుకుని పడితే? మోకాళ్ళు ఆడేటట్టు కింద జానెడు తీసేశాను. పిల్లను గోడకు నిలబెట్టి నా చేత్తోనే కొలిచాను. నా భయాలన్నీ ఒక్కొక్కటే ఆ పెట్టెకు కొలతలయ్యాయి.

"ఏడో తరగతి దాంక సదివినదానివి, ఇంజనీరువైనవ్," అని నవ్వాడు మా ఆయన ఇన్నయ్య. నాలుగు రోజులు వంటా గొడ్ల పనీ అయ్యాకే కూర్చున్నాను. అయినా కూర పలచనైతే పెట్టె మీదికే వచ్చింది మాట.

పోటీకి ముందు రోజు సాయంత్రం పోతయ్య మేస్త్రి వచ్చాడు. మా ఆయన పోయే జామాయిల్ కర్ర లారీలకెత్తే పనికి ఎవరిని పిలవాలో, ఎవరిని వద్దనాలో ఆయన ఇష్టం. మంచం మీద ఉన్న వేషాన్ని చూసి, "అబ్బో, ఎవలు చేసిన్రే?" అన్నాడు. "మేమే, ఇంట్లనే," అన్నాడు మా ఆయన. ఆ "మేమే" విని నేను లోపలికి పోయి చాయ పెట్టాను. చాయ తెచ్చేసరికి మాట అయిపోయింది. మేస్త్రి కొడుకూ అదే బడి. వానికి ఏ వేషమూ కుదరలేదట.

మేస్త్రి వెళ్ళాక ఇన్నయ్య కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టాడు. "పిలగాడు జర లావు. రెండు పక్కల కోసి పెద్దగ చెయ్. పొద్దున్నే ఇచ్చొస్త."

"మరి గ్రేస్?"

"ఆడపిల్ల, ఏ పూలమ్మే ఏషమో ఏస్తది. రేపు ఆయన పనికి పిలవకుంటే నువ్వు పెడ్తవా తిండి?"

ఆ భయం నాకు కొత్త కాదు. పదేళ్ళుగా దానికి "సరే" అంటూనే ఉన్నాను. కుట్టు నేర్చుకుంటానంటే వద్దన్నప్పుడు సరే. మా అమ్మ దవాఖానాలో ఉంటే కోతలయ్యాక పొమ్మన్నప్పుడు సరే. నన్ను అడిగి నా జవాబు కోసం ఎవరూ ఆగలేదు, నేనూ ఆగనివ్వలేదు. ఎదుటివాళ్ళ మొహం మారకముందే సరే అనేసేదాన్ని.

గ్రేస్ గడపలో నిలబడి నా నోటి వంకే చూస్తోంది. దాని పెదవి కదలబోవడం చూశాను. "సరే" అనబోయే ఆ కదలిక నాకు తెలుసు. అది నాదే. పని పోతుందన్న భయం కన్నా పెద్ద భయం పట్టుకుంది నన్ను.

కత్తెర కింద పెట్టాను. "వేసుకునేది అది. దాన్నే అడుగుదాం," అన్నాను. "గ్రేస్, ఇద్దామా? నీకెట్లుంటే గట్ల చెప్పు. ఏం చెప్పినా మేస్త్రితోని మాట్లాడేది నేను."

"చిన్నపిల్లనడుగుడేంది?" అన్నాడు ఇన్నయ్య. అత్త చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. గ్రేస్ వాళ్ళ నాన్నను చూసింది, నానమ్మను చూసింది, నేల చూసింది. బయట కర్ర లారీ ఒకటి వచ్చి, దాటి, దాని చప్పుడు కూడా పోయింది. పోనీలే బిడ్డా అని నా నోటిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టాను. ఒకవేళ సరే అంటే? అన్నా సరే, దాని మాట అదే చెప్పాలి.

"నేనియ్యను, డాడీ," అన్నది గ్రేస్.