ఇనప తలుపు ఎక్కడ కుట్టాలి

మైదా జిగురు ఉడుకుతున్నంతసేపు దావూద్ ఎవరితోనూ మాట్లాడడు. నరసరావుపేట ప్రెస్సు వెనక రేకుల పంచలో, కిరసనాయిలు స్టవ్వు ముందు గొంతుక్కూచుని, కర్రతో ఒకే వైపుకి తిప్పుతూ ఉంటాడు. చిక్కబడ్డాక చిటికెడు మైలుతుత్తం వేస్తాడు. అది పురుగు పట్టకుండా. పురుగుల మీద అతనికి ద్వేషమేమీ లేదు. అవి పుస్తకాన్ని ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా వదలకుండా తింటాయి. అంత ఓపిక మనుషుల్లో తను ఎక్కడా చూడలేదంటాడు.

అరవై దాటాయి. బక్క మనిషి. గళ్ల లుంగీ, చెమటకు పసుపు తిరిగిన బనీను, ఒక వైపు కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకున్న కళ్లజోడు. ఎడమ చేతి చూపుడు వేలూ మధ్య వేలూ సగం దగ్గర ఆగిపోయాయి. ఆ మొండి వేళ్లతోనే కాగితాన్ని అదిమిపెట్టి కుడిచేత్తో సూది నడుపుతాడు. చూసేవాళ్లకు ఆ వేళ్లు ఆ పని కోసమే అలా చేయించుకున్నట్టుగా ఉంటాయి.

ఆ పంచలోంచి కోర్టు ఫైళ్లూ, బడి హాజరు పట్టీలూ, బైబిళ్లూ, వారపత్రికల సీరియళ్లూ కొన్ని వేలు వెళ్లాయి. దేన్నయినా కుట్టేముందు మొదటి పేజీ, చివరి పేజీ చదువుతాడు. మధ్యలో పేజీల అంకెలు మాత్రం చూస్తాడు. అంతకుమించి ఒక్క అక్షరం చదవడు. మధ్యలో ఏముంటుందని ఎవరైనా అడిగితే, "ఏముంటది, పేజీలుంటయి" అంటాడు.

ఆ ఉదయం అతని ముందున్నవి ఆరు పాకెట్ నవలలు. నాలుగేళ్ల క్రితం అంతరిక్షం సినిమా ఒకటి వచ్చి ఊళ్లో పదకొండు రోజులు ఆడింది. పన్నెండో రోజు రీళ్ల పెట్టె తిరిగి వెళ్లిపోయింది గాని, అందులోని కెప్టెన్ ఉదయన్ పోలేదు. బెజవాడలో ఒక ప్రచురణకర్త అతన్ని పట్టుకుని ఆరు నవలలు రాయించాడు. అట్ట మీద సినిమా నౌక బొమ్మే. నంబర్లు మాత్రం వేయలేదు. వేస్తే, నాలుగోది కనబడ్డవాడు ఒకటోది దొరికేదాకా కొనడని అతని భయం. కెప్టెన్‌కి ఎడమ చెయ్యి ఇనపది. అది చంద్రుడి అవతల యుద్ధంలో పోయిందని ప్రతి నవలలోనూ ఎవరో ఒకరికి చెబుతూ ఉంటాడు.

ఊరి రీడింగ్ రూములో వీటిలో ఏది ముందు, ఏది వెనక అని కాలేజీ పిల్లలు కాలర్లు పట్టుకున్నారు. పిల్లలు పుస్తకాల కోసం కొట్టుకోవడం ఊరికి గొప్ప అనుకోవాలో, ఇలాంటి పుస్తకాల కోసం కొట్టుకోవడం సిగ్గు అనుకోవాలో తేల్చుకోలేక, అక్కడి లైబ్రేరియన్ సాంబశివరావు ఆరింటినీ వరసలో పెట్టి ఒకే బైండు చేయమని దావూద్‌కి పంపాడు.

దావూద్‌కి వరస తేల్చడానికి పావుగంట పట్టింది. వెనక పేజీలో 'త్వరలో' అని ఏ పేరుందో చూశాడు. అట్ట మీద నౌక బొమ్మ అచ్చు బ్లాకు అరిగిన తీరు చూశాడు. మూడో నవలకి నౌక తోక చిట్లింది. అయిదో నవలకి తోకే లేదు. 'ఇనప తలుపు' అనే నవల మీద తోకా లేదు, కిటికీలూ లేవు. కాబట్టి అది ఆఖరిది. తుప్పు పిన్నులు పీకి, పదహారేసి పేజీల ఫారాలు విడదీసి, అయిదింటిని అప్పటికే కుట్టేశాడు.

జిగురు దించుతుండగా సైకిలు బెల్లు మోగింది. పోస్టాఫీసులో ఉత్తరాలు సార్టు చేసే దేవానందం. చేతిలో మనియార్డరు ఫారం, దాని వెనక ఆరు పేర్లు.

"బాబాయ్, ఆగాగు. 'ఇనప తలుపు' ముందు పెట్టాల."

"కడాన అచ్చయింది కడానే ఉంటది."

"అచ్చయింది కడానే. జరిగింది ముందు. కెప్టెన్ చెయ్యి పోకముందు సంగతి అందులో ఉంది. నేను ఆరూ చదివా. రెండేసిసార్లు."

"రెండుసార్లా?" దావూద్ అతన్ని కిందినుంచి పైకి చూశాడు. "పోస్టాఫీసులో పనేం లేదా మీకు? మొన్న పక్కనున్న రొంపిచెర్ల నించి ఉత్తరం తొమ్మిది రోజులకొచ్చింది."

పక్కన ఫారాలు మడుస్తున్న గ్రేసమ్మ తల ఎత్తకుండానే నవ్వింది. దేవానందానికి చెవులు ఎర్రబడ్డాయి.

"చదవనోడివి, నీకేం తెలుసు బాబాయ్? మొదటి పేజీ, కడా పేజీ చూసి కథ చెబుతావా? పెళ్లికి పోయి పందిరి గుంజలు చూసొచ్చినట్టుంది నీ యవ్వారం."

"ఏందయ్యా, పెద్దాయన్ని పట్టుకుని," అంది గ్రేసమ్మ. "మిషను లివరు జారి వేళ్లు పోయినయి గానీ ఆయనకి తెలివి పోలేదులే."

దావూద్ జిగురు గిన్నె మీద మూత పెట్టాడు. మూత సరిగా కూర్చోలేదు. మళ్లీ పెట్టాడు.

దేవానందం ఊరుకునే రకం కాదు. తప్పుడు సంచిలో పడ్డ ఉత్తరం ఎలా ఉంటుందో, తప్పుడు చోట పడ్డ నవల కూడా అతనికి అలాగే ఉంటుంది. అరగంటలో సాంబశివరావుని వెంటబెట్టుకొచ్చాడు. సాంబశివరావు ఆ నవలల్లో ఒక్కటీ చదవలేదు. చదివేవాళ్లంటే చులకన, చదవనివాళ్లంటే ఇంకా చులకన. కండువాతో ముక్కు మూసుకుని పంచ బయటే నిలబడ్డాడు.

"దావూదూ, ఆయన రాసిచ్చినట్టు కట్టు. నువ్వు కట్టనంటే చెప్పు, పిన్ను మిషను సుబ్బారావు ఉన్నాడు. ఈ ఏడుదంతా ఆయనకే ఇచ్చేస్తా. సాయంత్రం నాలుక్కి పట్టుకుపోతా."

రీడింగ్ రూము పని పోతే దావూద్‌కి ఏడాదిలో మిగిలేది బడి హాజరు పట్టీలే. పిన్ను మిషనువాడు పుస్తకం వెన్నులో ఇనప ముక్క దిగేస్తాడు. రెండేళ్లకు తుప్పు పడుతుంది, మూడో ఏడు కాగితం చిరుగుతుంది. దాన్ని బైండింగ్ అనేవాళ్లున్నారు. దావూద్ మనియార్డరు ఫారం తీసుకుని, మడిచి చెవి మీద పెట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి 'ఇనప తలుపు' మొదట్లో కుట్టేశాడు. దారం బిగించాడు, ముడి వేశాడు. అన్నం తిన్నాక ఎప్పుడూ గోడకు ఆనుకుని కళ్లు మూసుకునే మనిషి, ఆ రోజు పుస్తకం మధ్యకి విప్పాడు. చదివిన దేవానందం గెలిచాడు కదా, అందులో అంత ఏముందో చూసి నవ్వుకుందామని.

నవ్వుకోవడానికి కావలసినంత ఉంది. అచ్చుతప్పులు పేజీకి నాలుగు. గాలి లేని చోట కెప్టెన్ తల వెంట్రుకలు గాలికి ఎగిరాయి. అతని భార్య అంతరిక్షంలో పప్పు తాళింపు పెట్టింది. దావూద్ మూతి విరుస్తూ ఒక పేజీ, ఇంకో పేజీ తిప్పాడు. అరవై రెండో పేజీలో మూతి విరవడం మానేశాడు.

కెప్టెన్ చెయ్యి యుద్ధంలో పోలేదు. నౌక ఇనప తలుపు మూసుకుంటున్నప్పుడు, భార్య రాసిన ఉత్తరం చదువుతూ చెయ్యి గడప మీద పెట్టి మరిచిపోయాడు. తప్పుని తలుపు కాపలావాడి మీద తోశాడు. వాణ్ని ఒంటరి గ్రహంలో దింపేశారు. ఆఖరు పేజీలో, ఏళ్ల తరవాత, కెప్టెన్ ఆ గ్రహం వైపు నౌక తిప్పుతాడు. ఆ ఆఖరు పేజీ దావూద్ అంతకుముందే చదివాడు. నౌక ఎటో తిరిగింది, అంతే అనుకున్నాడు.

"ఏంది దావూదన్నా!" గ్రేసమ్మ చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది. "నువ్వు చదవటమేంది? ఎండ తగిలిందా?"

అతను పుస్తకం మూయలేదు.

"లివరు జారలేదు గ్రేసమ్మా."

"ఏ లివరు?"

"కటింగ్ మిషను. యాభై ఏడులో. లివరు బానే ఉంది. నవల ఒకటి అచ్చవుతుంది అప్పుడు. రోజుకో ఫారం. ముందు రోజు ఫారంలో ఒక ఆడమనిషి బాయి దగ్గరికి పోయింది. దూకిందో లేదో తెలవదు. తెల్లారి తరవాతి ఫారం కత్తి కింద పెట్టి, వంగి చదువుతున్నా. కత్తి దిగేట్టు కాలితో తొక్కింది కూడా నేనే."

గ్రేసమ్మ మడిచిన ఫారాలు ఒళ్లో పెట్టుకుని కూచుంది. పైన రేకు ఎండకి టిక్కుమంది.

"మరి నాగూర్ వలి?"

నాగూర్ వలి ఆ మిషనుకి నూనె వేసేవాడు. లివరు సరిగా చూడలేదని ప్రెస్సువాళ్లు పనిలోంచి తీసేశారు. పెళ్లాం పిల్లలతో దాచేపల్లి పోయి సున్నపురాయి లారీల మీద చేరాడు.

"అప్పుడే చెబుదామనుకున్నా. ఆసుపత్రి నించి వచ్చేసరికే తీసేశారు. హలీమాకి చెప్పా. నోరుమూసుకో, నీ పనన్నా ఉండనీ అంది." చనిపోయిన భార్య మీద కూడా ఇంత తప్పు తోసినందుకు కాబోలు, వెంటనే, "దాందేం లేదులే. మూసుకుంది నేను," అన్నాడు.

"వలి చనిపోయి ఆరేళ్లయింది అన్నా."

"తెలుసు."

"ఇప్పుడా చెప్పేది?" అంది గ్రేసమ్మ. ఆ గొంతులో కోపం లేదు. చెడిపోయిన ఫారాన్ని పక్కకు తోసేటప్పుడు ఆమె గొంతు అలాగే ఉంటుంది. ఫారాలు తీసుకుని తన చోటికి వెళ్లిపోయింది.

దావూద్ ఆమెను తప్పుపట్టలేదు. దేవానందం రెండుసార్లు చదివి కనుక్కున్నదల్లా ఏది ముందు జరిగిందని. ఏది ముందు జరిగిందో ఎవడైనా చెబుతాడు. మనిషి అబద్ధం అయిదు పుస్తకాలు మోసుకుని తిరిగాక గదా నిజం దగ్గరికి వచ్చాడు. మొదట్లోనే చెప్పేస్తే ఆ మోత ఎవడికి తెలుస్తుంది? చదవనివాడికీ తెలియదు, రెండుసార్లు చదివినవాడికీ తెలియదు.

కత్తి తీసుకుని, ఇందాక తను వేసిన ముడి కోశాడు. 'ఇనప తలుపు' ఫారాలు విడిపోయాయి. వాటిని ఆఖరికి చేర్చి, దారానికి మైనం పట్టించి, సూది ఎక్కించాడు.

"నాలుక్కి సాంబశివరావు గారొస్తాడు. చూస్తే పని పోద్ది," అంది గ్రేసమ్మ అక్కణ్ణుంచే.

"ఆయన చూడడు. పుస్తకం తెరిచే రకమా?"

ఒక్కో ఫారం మధ్యలోకి సూది దింపి, అవతలికి తీసి, మొండి వేళ్లతో అదిమి, దారం బిగించాడు. మూడున్నరకు ఆఖరి ఫారం మిగిలింది. గ్రేసమ్మ టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. "చల్లారిపోతది" అంది. అతను తల ఊపినట్టే అనిపించింది. కాసేపటికి మళ్లీ వచ్చింది. టీ మీద మీగడ కట్టింది. దావూద్ గోడకి ఆనుకుని ఉన్నాడు. కళ్లజోడు దారం ఒక చెవి నుంచి జారింది. ఎడమ చెయ్యి ఫారం మీద అదిమినట్టే ఉంది. ఆమె ఆ చెయ్యి పట్టుకుని చూసి, మెల్లగా ఒళ్లో పెట్టింది.

సాంబశివరావు నాలుక్కే వచ్చాడు. మనిషి పోయాడని బాధపడ్డాడు, పని ఆగిందని అంతకంటే బాధపడ్డాడు. మూడో రోజు ఆ పుస్తకం పిన్ను మిషను సుబ్బారావుకి వెళ్లింది. సుబ్బారావు వరస చూడలేదు, వెన్ను చూడలేదు. కుట్టే ఉంది గదా అని దండిగా గమ్ము పూసి, వెన్నుకి కాలికో అనే ముతక గుడ్డ అంటించి, అట్టలు వేసి ఇచ్చాడు.

దేవానందం విప్పి చూసి, "చెబితే విన్నాడా మనిషి!" అన్నాడు. పోస్టాఫీసు జిగురుతో మొదటి పేజీ మీద ఒక చీటీ అంటించాడు: 'ఆరవ నవల ముందుగా చదవవలెను'. ఆ చీటీ వానాకాలం దాటలేదు.

పుస్తకం ఇంకా రీడింగ్ రూములోనే ఉంది. ఆఖరి ఫారం దాకా చదివినవాళ్లు తక్కువ. చదివినవాళ్లు దాన్ని కొంచెం గట్టిగా విప్పితే, వెన్ను లోపల, ముడి వెయ్యని మైనపు దారం చివర, సూది మొన వేలికి తగులుతుంది.