అమ్మకే తెలిసిన సైగ

రాయపూర్‌లోని ఒక కాలేజీలో సునీల్ భాష ఎలా పుడుతుందో పరిశోధన చేస్తున్నాడు. అతని కంప్యూటర్లో ప్రోగ్రాముతో నడిచే రెండు బొమ్మలు ఒకదానికొకటి అర్థంలేని గుర్తులు పంపుకుంటాయి. వేలసార్లు పొరబడి, చివరికి ఒక్కో గుర్తుకు ఒక్కో అర్థం కుదుర్చుకుంటాయి.

ఇంట్లో పుట్టుచెవిటి చెల్లెలు గ్లోరీ, నర్సుగా పనిచేసే అమ్మ కూడా అలాగే తమ సైగలు తామే పుట్టించుకున్నారు. వాటిని నేర్చుకునే తీరిక సునీల్‌కు ఎన్నడూ దొరకలేదు.

అమ్మ చనిపోయింది. సమాధి చేసిన వారానికి గ్లోరీ అతని ముందుకొచ్చి, రెండు వేళ్లు తన మణికట్టుకు ఆనించి అతనివైపు చూసింది.

"బుఖార్ వచ్చిందా గ్లోరీ, ఒళ్లు కాలుతోందా? దవాయి తేవాలా? అమ్మ గుర్తొచ్చిందా?" అతను నోటితో, చేతులతో అడిగాడు.

అన్నిటికీ ఆమె తల అడ్డంగా ఊపి, మళ్లీ అదే సైగ చేసింది. సునీల్‌కు ఏడుపొచ్చింది. గ్లోరీ చెయ్యి దించి, అన్న కళ్లు తుడిచింది. ఆ సైగ మళ్లీ ఎవరికీ చెయ్యలేదు.