ఇరవై నిమిషాలకి నోటీసు

శనివారం పొద్దున్న ఫణికి ఒక వరస ఉంది. ముందు ఇంటి ముందున్న చారెడు గడ్డికి నీళ్ళు, తర్వాత కాఫీ, ఆ తర్వాత వారమంతా పోగైన ఉత్తరాలు. ఆష్‌బర్న్‌లో వాళ్ళ వీధిలో టౌన్‌హోమ్‌లన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి పక్కిళ్ళ ఉత్తరాలు కూడా రెండు మూడు వచ్చి పడతాయి. వాటిని వేరు చేసి ఎవరివి వాళ్ళకి ఇచ్చిరావడం కూడా అతని పనే. 2014 ఏప్రిల్‌లో ఒక శనివారం, కరెంటు బిల్లుకీ పిజ్జా కూపన్లకీ మధ్య ఆ కవరు కనబడింది.

ఆస్పత్రి కార్ పార్క్ చూసుకునే ప్రైవేటు కంపెనీ నుంచి వచ్చింది. అందులో రెండు ఫొటోలు. చంద్రిక కారు లోపలికి వెళ్తూ ఒకటి, మధ్యాహ్నం రెండూ పదికి. బయటికి వస్తూ ఒకటి, సాయంత్రం ఆరూ ఇరవై ఐదుకి. విజిటర్లకి రెండు గంటలే ఫ్రీ, కాబట్టి ఎనభై ఐదు డాలర్లు కట్టమన్నారు.

ఎనభై ఐదు డాలర్ల మీద ఫణికి కోపం రాలేదు. నాలుగుంబావు గంటల మీద వచ్చింది.

"మొన్న శ్రీహర్ష దగ్గర ఎంతసేపున్నావు?" అని వంటింట్లోకి వెళ్ళి అడిగాడు.

"ఇరవై నిమిషాలు. ఎందుకు?" అంది చంద్రిక దోసె తిరగేస్తూ.

అతను కాగితం చూపించాడు. ఆమె ఒకసారి చూసి, "అవును మరి. వెళ్ళింది శ్రీహర్ష దగ్గరకి కదా," అని ఇంకో దోసె వేసింది.

శ్రీహర్ష దగ్గర కాలం అలాగే నడిచేది. కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో అతనూ చంద్రికా ఒకే బ్యాచ్. అతనితో కబుర్లలో పడ్డవాళ్ళకి గంటలు నిమిషాలైపోయేవి. మాటవరసకి కాదు, చేతి గడియారం పది నిమిషాలు చూపిస్తుంటే బయట పొద్దు గూకేది. పరీక్షల ముందు అతని గదికి ఎవరూ వెళ్ళకూడదని హాస్టల్ వార్డెన్ నోటీసు బోర్డులో పెట్టించాడు. కొందరికి ఎడమచేతి వాటం ఉన్నట్టు అతనికి ఇది ఉంది, అంతే.

ఫణికీ ఈ సంగతి పెళ్ళైన కొత్తలోనే తెలుసు. కానీ తెలియడం వేరు, ఫొటోలో చూడటం వేరు. తన దగ్గర చంద్రికకి గంట గంటలాగే ఉంటుంది. ఇద్దరూ బయట భోజనానికి వెళ్తే బిల్లు రాకముందే ఫోన్‌లో టైము చూస్తుంది. పదేళ్ళ కాపురంలో ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు, తన పక్కన కూర్చుని "అయ్యో, అప్పుడే ఇంత టైమైందా" అన్న పాపాన పోలేదు.

"అంత ముంచుకుపోయే కబుర్లేంటి?" అన్నాడు.

"ఒంట్లో బాగాలేని మనిషి, ఫణీ."

"నవ్వుకోలేదా మరి?"

"నవ్వుకున్నాం," అంది చంద్రిక. లేదని అబద్ధమాడి ఉంటే బాగుండుననిపించింది ఫణికి.

"పోనీ, ఆ డబ్బు కట్టేద్దాంలే," అందామె.

"కడితే నాలుగుంబావు గంటలని ఒప్పుకున్నట్టే," అన్నాడతను. ఎవరో ఒకరు, చివరికి ఆ పార్కింగ్ కంపెనీవాడైనా సరే, ఇరవై నిమిషాలే అని కాగితం మీద రాసివ్వాలి. అప్పుడుగానీ అతనికి అన్నం సహించేలా లేదు.

ఆ సాయంత్రమే అప్పీలు రాసి పంపాడు. వారానికి జవాబొచ్చింది. మా కెమెరాల టైమే మాకు లెక్క, కాదంటే వార్డు నుంచి సంతకం చేసిన కాగితం పంపండి, అని.

మరుసటి శనివారం పదకొండింటికి ఫణి ఆస్పత్రికి వెళ్ళాడు. నాలుగో అంతస్తులో డెస్క్ దగ్గరున్న పెద్ద నర్సు అతని చేతిలో నోటీసు చూసి నిట్టూర్చింది.

"మీకూ వచ్చిందా? ఇవి మొదలయ్యాకే అతని స్నేహితులు రావడం తగ్గించేశారు. వచ్చిన ప్రతిసారీ ఎనభై ఐదు డాలర్లంటే ఎవరు మాత్రం వస్తారు? ఎవరైనా ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే అతని రక్తంలో జబ్బు కూడా ఆ గది టైమే లెక్కపెట్టుకుంటుంది. ఒక్కడే ఉంటే రోజు రోజులాగే అయిపోతుంది."

బ్లడ్ కేన్సర్. చేతిలో ఉన్నది ఏడు వారాలేనన్నారు డాక్టర్లు. ఎముక మూలగ ఇవ్వాల్సిన అతని చెల్లెలు రేష్మ కాకినాడలో ఉంది. ఆమెకి అసలు పాస్‌పోర్టే లేదు. అది రావాలి, తర్వాత వీసా రావాలి.

ఇదంతా విన్నా ఫణికి కడుపులో మంట చల్లారలేదు. ఆ మనిషిని ఒకసారి చూడాలనుకున్నాడు.

ఉన్ని టోపీ పెట్టుకుని, దిండుకి ఆనుకుని, చిక్కి సగమైన మనిషి. "చంద్రిక వాళ్ళాయన కదూ! రండి రండి. ఆ కుర్చీకి ఒక కాలు ఊగుతుంది, చూసుకుని కూర్చోండి," అన్నాడు శ్రీహర్ష.

"ఐదు నిమిషాలే. అప్పీలుకి కాగితం కోసం వచ్చాను," అన్నాడు ఫణి బిగుసుకుని.

శ్రీహర్ష అప్పీలు అడిగి తీసుకుని చదివాడు. "మా ఆవిడ ఇరవై నిమిషాలే ఉంది అని మూడుచోట్ల రాశారు. ఒకసారి చాలండీ. మూడుసార్లు రాస్తే మీకే నమ్మకం లేనట్టుంది."

ఫణి ముఖం మాడిపోయింది. "అసలు మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారు?"

"ఎక్కువ మీ సంగతే. కాఫీలో పంచదార వేసుకుని, కలపకుండా తాగేసి, అడుగున మిగిలిందని రోజూ ఆశ్చర్యపోతారట కదా?"

సంతోషించాలో మండిపడాలో ఫణికి తెలియలేదు. తన పంచదార గొడవ ఈయనకెందుకు? "రోజూ ఏం కాదు," అన్నాడు.

"వారానికి ఎన్ని రోజులు?"

"ఆ నోటీసు సంగతి చూద్దాం," అని ఫణి కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"చూద్దాం. వాళ్ళ బోర్డు మీద ఏముంది? విజిటర్లకి రెండు గంటలనా, కార్లకి రెండు గంటలనా?"

"విజిటర్లకే."

"ఇంకేం! కారు బయటుంది, దానికి నాలుగుంబావు గంటలు. విజిటర్ లోపలుంది, ఆవిడకి ఇరవై నిమిషాలు. కారు నన్ను చూడ్డానికి రాలేదు కదా!"

ఫణి తనకి తెలియకుండానే పకపకా నవ్వేశాడు. ఇద్దరూ కలిసి కొత్త అప్పీలు మొదలుపెట్టారు. ఒక్కో మాట దగ్గర పోట్లాడుకున్నారు. "రిక్వెస్ట్" అంటే లొంగిపోయినట్టుంటుందని ఒకరు, లొంగినట్టుంటేనే పనవుతుందని ఇంకొకరు. మధ్యలో కాకినాడ కాజా గొప్పదా, ఫణి వాళ్ళ వరంగల్ సకినాలు గొప్పవా అన్నదాకా పోయింది. నర్సులు వచ్చి, మాట కలపకుండా, నవ్వకుండా, తమ పని చూసుకుని వెళ్ళిపోయారు.

గోడ గడియారం ముప్పావుగంట గడిచినట్టు చూపించేసరికి ఫణి లేచాడు. బయటికొస్తే ఆదివారం పొద్దున్న ఆరైంది. ఫోన్‌లో చంద్రికవి పద్నాలుగు కాల్స్ ఉన్నాయి.

"పంతొమ్మిది గంటలు," అంది నర్సు, రక్తం రిపోర్టు చూపిస్తూ. "ఇవాళ్టి అంకె నిన్నటిలాగే ఉంది. ఇంతసేపు ఇంతవరకూ ఎవరూ కూర్చోలేదు." గది గడియారం లెక్క ప్రకారం చంద్రిక ఉన్నది ఇరవై నిమిషాలేనని ఆమె కాగితం రాసి సంతకం చేసిచ్చింది.

ఇంటికెళ్ళేసరికి చంద్రిక గుమ్మంలోనే ఉంది. ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తర్వాత సంగతి విని, "పంతొమ్మిదా? నేనెప్పుడూ నాలుగున్నర దాటలేదు," అంది. ఆ రోజంతా గిన్నెలు గట్టిగా పెట్టింది. ఫణికి లోపల్లోపల పండగలా ఉంది.

పది రోజులకి కంపెనీ జవాబొచ్చింది. ఫలానా గది అని ముందే చెప్పి ఉంటే సరిపోయేది, నోటీసు రద్దు చేశాం, ఇకపై ఆ గది విజిటర్లకి గది గడియారమే లెక్క, అని. ఫణి దాన్ని కాపీలు తీసి, నోటీసులొచ్చి మానేసినవాళ్ళందరికీ పంపాడు. మనుషులు మళ్ళీ రావడం మొదలుపెట్టారు. బుధవారం చంద్రిక, గురువారం వాళ్ళ బ్యాచ్ గిరిజ, మిగతా పనిరోజుల్లో రిటైరైన కేశవరావుగారు, శనివారం ఫణి. ఎవరెంతసేపు కూర్చున్నారో డెస్క్ దగ్గర నర్సు రాసిపెట్టేది. ఒక గురువారం గిరిజ ఇరవై ఒక్క గంటలు కూర్చుందని తెలిసి ఫణికి ముద్ద దిగలేదు. అప్పటినుంచీ వారమంతా కబుర్లు ఏరుకుని, చీటీ మీద రాసుకుని, శనివారం తీసుకెళ్ళేవాడు. ఆ చీటీలో ఏముందని చంద్రిక అడిగితే చెప్పేవాడు కాదు.

ఏడు వారాలు ఏప్రిల్, మే దాటి, ఎండాకాలమంతా దాటి సాగాయి. రేష్మకి పాస్‌పోర్టు వచ్చింది, వీసా వచ్చింది. అక్టోబరు చివర ఆమెని డల్లెస్ ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చింది ఫణే. దారి పొడుగునా మేపుల్ చెట్లు ఎర్రబడి ఉన్నాయి. ఆమె వాటి వంక చూడలేదు.

"బావగారూ, నిజం చెప్పండి. ఏడు వారాలన్నారు, ఏడు నెలలైపోయింది. మా అన్నయ్య మనిషి మిగిలాడా?"

"అతని లెక్కలో ఇంకా మూడు వారాలు మిగిలి ఉన్నాయమ్మా. మూలగ ఎక్కించడానికి అంత టైము చాలన్నారు డాక్టర్లు," అన్నాడు ఫణి.

రేష్మ గది గుమ్మంలో ఆగిపోయింది. శ్రీహర్ష తలతిప్పి చెల్లెల్ని చూశాడు.

"అప్పుడే వచ్చేశావా!" అన్నాడు.