మూఢం ముందర కుక్కపిల్ల

బ్రాడీపేటలో శేషాచలంగారి ఇల్లు పురోహితుడి ఇల్లని కొందరికే తెలుసు, కుక్కలిల్లని మాత్రం అందరికీ తెలుసు. ముహూర్తం అడగడానికి వచ్చినవాళ్ళు గేటు దగ్గర ఆగి, "పంతులుగారండీ, కట్టేశారా?" అని కేకేస్తేగానీ లోపలికి అడుగు పెట్టరు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తారు! పోలీసు ఆఫీసరొకాయన బదిలీ మీద వెళ్ళిపోతూ, "రెండ్రోజులు చూసుకోండి, మనిషిని పంపిస్తాను" అని తన అల్సేషన్ కుక్కను వీళ్ళ పెరట్లో కట్టేసి వెళ్ళాడు. మనిషీ రాలేదు, కబురూ రాలేదు. దాని పేరు బేబీ. శేషాచలంగారి భార్య దుర్గాంబ దాన్ని బేబమ్మను చేసింది. మడి కట్టుకుని వంట చేయడం, పెరట్లోకి వెళ్ళి దానికి అన్నం పెట్టడం, మళ్ళీ నెత్తిన నీళ్ళు పోసుకుని లోపలికి రావడం. ఇరుగూ పొరుగూ నవ్వారు. నవ్వనీ, వాళ్ళ సొమ్మేం పోయింది!

అరండల్‌పేటలో ఒక డాక్టరుగారి మగకుక్కతో జత కట్టించాక బేబీ చూలు కట్టింది. ఆ సంగతి పొక్కగానే, పిల్లలు మాక్కావాలంటే మాక్కావాలని జనం ఎగబడ్డారు. అందరికంటే ముందు వచ్చినవాడు ఆదెయ్య.

ఆదెయ్యది పర్చూరు దగ్గర పల్లె. శేషాచలంగారిదీ ఆ ఊరే. పట్నం చేరి ఎన్నేళ్ళయినా పాత యజమానుల ఇళ్ళల్లో పెళ్ళికీ తద్దినానికీ ఇప్పటికీ ఆయనే వెళ్ళాలి. ఆదెయ్య మిరప రైతు. కాయ కోయించి కల్లంలో ఆరబోస్తే తెల్లారేసరికి ఓ మూల తరిగిపోయి ఉండేది. కిందటేడు దొంగలు ఏకంగా బస్తాలే ఎత్తుకుపోయారు. అందుకని, సంబంధం ఖాయం చేసుకోవడానికి వచ్చినట్టే పళ్ళెంలో ఆకూ వక్కా అరటిపళ్ళూ పెట్టుకొచ్చి, "పుట్టినవాటిల్లో పెద్ద మగపిల్ల నాది పంతులుగారండీ" అని తాంబూలం ఆయన చేతిలో పెట్టాడు. కుక్కపిల్లకి తాంబూలమేమిటి, చోద్యం కాకపోతే, అని దుర్గాంబ ఒకటే నవ్వు. శేషాచలంగారు కూడా నవ్వుతూనే పుచ్చుకున్నారు. నవ్వుతూ పుచ్చుకున్నా ఏడుస్తూ పుచ్చుకున్నా తాంబూలం తాంబూలమే కదా.

పిల్లలు పుట్టాయి. కళ్ళయితే తెరిచాయి గానీ కాళ్ళింకా నిలవలేదు. ఇంతలో మూఢం వచ్చిపడింది.

అది ఎనభై తొమ్మిది, మాఘమాసం చివర. శుక్రుడు సూర్యుడి చాటుకి వెళ్ళి కనబడకుండా పోయే రోజులు మూఢం. అప్పుడు పెళ్ళిళ్ళుండవు, గృహప్రవేశాలుండవు, కొత్తగా ఏ గొడ్డునీ గోదనీ గడప తొక్కించరు. మళ్ళీ చైత్రం వెళ్ళేదాకా మంచిరోజన్న మాటే లేదు. ఇంకేం, మూఢం రేపనగా శేషాచలంగారి అరుగు జాతరైపోయింది. వాళ్ళల్లో బ్యాంకులో పనిచేసే లక్ష్మీనరసింహంగారున్నారు. ఆయన కొత్తింటికి తలుపులు లేవు, కిటికీలు లేవు, సగం గోడలకి సున్నమే లేదు. అయినా సరే, పాలు పొంగించేయాలట.

ఆ గుంపులోకి ఆదెయ్య వచ్చాడు. చంకన కొత్త వెదురుబుట్ట, అందులో మెత్తగా మడిచిన పాతచీర.

"నా పిల్లని ఇప్పించండి పంతులుగారూ. పదకొండు గంటలకి గడియ బాగుందని మీరేగా లగ్నాలు పెడుతున్నారు. నేనూ ఆ గడియకే బయల్దేరతా."

శేషాచలంగారు చేతిలోని పంచాంగం మూసేశారు. "అదేమిటోయ్, ఇంకా నెల నిండలేదు. తల్లి పాలు తప్ప దానికేం తెలీదు. చైత్రం వెళ్ళాక వచ్చి తీసుకెళ్ళు."

"చైత్రం వెళ్ళాక నా కల్లంలో ఏముంటదండీ, దుమ్మా? కాయ ఉండగానే అది కల్లంలో పడాల. ఆ ఘాటుకి అలవాటు పడాల. కూలోళ్ళెవరో దొంగలెవరో వాసనబట్టి నేర్చుకోవాల. ఇప్పుడు దాటితే మళ్ళీ ఏడాది."

"సరే, మూఢంలోనే తీసుకెళ్ళు. ఒక పదిహేను రోజులాగి రా. అన్నం కతకడం నేర్చుకుంటుంది."

అన్నారంతే. లక్ష్మీనరసింహంగారు కళ్ళజోడు సవరించుకుని ముందుకి వంగారు.

"మూఢంలోనా?" అన్నాడు ఆదెయ్య. "మీరేనా అండీ ఈ మాటంటున్నది?"

"కుక్కకి మూఢమేమిటి ఆదెయ్యా! పెళ్ళికా, పేరంటానికా?"

"మరి ఎద్దులకి ఎట్టా వచ్చిందండీ?"

అక్కడ దొరికిపోయారు శేషాచలంగారు. రెండేళ్ళ కిందట ఇదే ఆదెయ్య ఒంగోలు జత ఒకటి బేరం చేసుకున్నాడు. తెల్లటి జత, ఊరంతా చూసి మెచ్చిన జత. తోలుకు రావడానికి రోజు చెప్పమని అడిగితే, మూఢం, వీల్లేదు, వంశానికి మంచిది కాదు అని ఈయనగారే వేలు చూపించి మరీ చెప్పారు. ఆదెయ్య ఆగాడు. మూఢం పోయేసరికి ఆ జతను ఇంకెవరో తోలుకుపోయారు. ఆదెయ్య ఆనాడు ఒక్క మాట అనలేదు. పంతులుగారు చెప్పాక ఇంకేముందని ఊరుకున్నాడు.

అయినా ఇంత చదువుకున్న బుర్ర ఊరుకుంటుందా, ఓ ఉపాయం తీసింది. "పోనీ ఇలా చెయ్యి. ఇవాళ గడియలో దాని మెడకి తాడు కట్టి, ఆ తాడు కొస నీ చేతిలో పెడతాను. అంటే పిల్ల నీకు ఇచ్చేసినట్టే. తాడు ఇంటికి తీసుకెళ్ళు, పిల్లని తరువాత పంపిస్తాను. శాస్త్రం ఒప్పుకుంటుంది."

ఆదెయ్య ఆయన మొహంలోకి చూశాడు. కోపం కాదు, అదైనా బాగుండేది.

"ఎద్దులప్పుడు ఈ ఉపాయం చెప్పకపోయారా పంతులుగారూ? తాడు తెచ్చుకుని ఎద్దుల్ని అక్కడే ఉంచేవాణ్ణిగా."

ఏం చెప్తారు? అప్పుడు తట్టలేదని చెప్పాలి. లేదా, ఎద్దులు నావి కావు, కుక్కపిల్ల నాది అని చెప్పాలి. రెండోది నిజం. నిజం నాలిక చివరిదాకా వచ్చింది కూడా. అరుగు నిండా జనం. మూఢానికి భయపడి తలుపుల్లేని ఇంట్లో పాలు పొంగించుకునేవాళ్ళు, పెళ్ళిచీరలు కొనకముందే పిల్లని పీటలెక్కించేవాళ్ళు. వాళ్ళందరినీ అలా పరిగెత్తించినవారు ఆయనే. ఇప్పుడు కుక్కపిల్ల కోసం మూఢం లేదు గీఢం లేదు అంటే, ఆ నోటికి రేపటినుంచి విలువేముంది? ఆ నోరు తప్ప ఆయనకి వేరే పొలమా, పుట్రా?

లోపలినుంచి దుర్గాంబ తడి చేతులతోనే వచ్చేసింది. ఆమెకి అరుగూ లేదు, జనమూ లేదు.

"అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను. పశువుల డాక్టరు మరీ మరీ చెప్పాడు, ఇప్పుడు తల్లినుంచి విడదీస్తే బతకదని. పాలు పట్టినా అరగవట. నీ పిల్ల నీకే ఉంటుంది, నాదీ పూచీ."

"మా కోడలు జయకుమారి ఉంది కదమ్మా. పసిబిడ్డకి పట్టినట్టు ఉగ్గుగిన్నెతో పడుద్ది. డాక్టర్లు చెప్పేవన్నీ జరుగుతాయా?" అని, ఆదెయ్య శేషాచలంగారి వైపు తిరిగి చేతులు జోడించాడు. "నాకు ఎవరి మాటా అక్కర్లేదు. పంతులుగారు చెబితే చాలు, బుట్ట ఇక్కడే పారేసి పోతా. చెప్పండి. ఈ గడియలో తీసికెళ్తే దానికి ఏమన్నా అవుద్దా? గడియ మంచిది కాదా?"

దుర్గాంబ మొగుడి మొహం చూసింది. అరుగు మీది జనమంతా ఆయన్నే చూశారు. కాదు అని రెండక్షరాలు అనేస్తే పిల్ల బతుకుతుంది. కానీ ఆ గడియకే కొత్తపేటలో ఒక పెళ్ళి, లక్ష్మీనరసింహంగారి గృహప్రవేశం. చేయించేది శిష్యులే అయినా ముహూర్తాలు మాత్రం ఆయనవి. అన్నీ ఆయన పెట్టినవే. కాదంటే అవన్నీ ఏమైపోవాలి?

"గడియ మంచిదే," అన్నారు శేషాచలంగారు.

అడిగినదానికి సమాధానం చెప్పారు. అందులో అబద్ధమేం లేదు. దుర్గాంబ పెరట్లోకి వెళ్ళి, బేబీ పక్కన నిద్రపోతున్న పెద్ద మగపిల్లని తీసి, పాతచీరలో చుట్టి బుట్టలో పెట్టింది. బేబీ గొలుసు లాగింది, మొరిగింది, తరువాత మొరగడం మానేసి సన్నగా మూలగడం మొదలుపెట్టింది. లక్ష్మీనరసింహంగారు పాలు పొంగించుకోవడానికి ఇంటికి పరిగెత్తారు. పదకొండు కొట్టగానే ఆదెయ్య బుట్ట గుండెలకి హత్తుకుని కుడికాలు ముందు పెట్టి గేటు దాటాడు. వాడి మొహంలో ఎంత సంతోషమో! పసిపిల్లాణ్ణి ఎత్తుకెళ్ళేవాడిలా బుట్ట మీద కండువా కప్పి, ఎండ తగలకుండా వంగి మరీ నడిచాడు. వాణ్ణి తిట్టడానికైనా శేషాచలంగారికి ఓ వంక దొరకలేదు.

ఆనాటినుంచి దుర్గాంబ ఆయనకి అన్నం వడ్డించింది, మంచినీళ్ళిచ్చింది, పంచెలు ఆరేసింది. మాట్లాడటం మాత్రం మానేసింది. ఆయన మాట కలపబోతే, "గడియ బాగుందేమో చూసి మాట్లాడండి" అని పెరట్లోకి పోయేది.

పట్టుమని పక్షం తిరక్కుండానే ఆదెయ్య మళ్ళీ వచ్చాడు. చేతిలో బుట్ట లేదు. వెనకాల తలొంచుకుని ఒక చిన్నపిల్ల, కొత్త కోడలు కళ ఇంకా పోనిది. చూడగానే శేషాచలంగారికి సంగతి అర్థమైపోయింది.

"పోయిందండీ," అన్నాడు ఆదెయ్య. "మూడ్రోజులు పాలు తాగింది. ఆ తర్వాత ఒకటే విరేచనాలు. కల్లంలోనే మిరపకాయల పక్కన గొయ్యి తీసి పెట్టా. నా కొడుకు పుట్టినప్పుడు కూడా నేనంత మురిసిపోలేదండీ."

"అయ్యో ఆదెయ్యా..."

"గడియ మీరు పెట్టిందాయె. అది మంచిది. బుట్టా కొత్తదే. వాకిట్లో ఎర్రనీళ్ళతో దిష్టి తీసే లోపలికి తీసుకెళ్ళాం. మరి ఎక్కడ తేడా వచ్చింది? ఊళ్ళో పెద్దాళ్ళందరూ ఒకే మాటంటన్నారు, పాలు పట్టిన చెయ్యి మంచిది కాదని." ఆదెయ్య కోడలి వైపు చూడకుండానే చెప్పాడు. "మా ఇంటిదయితే ఈ పిల్లని గేదెల దగ్గరికే రానీటంలా. వంటింట్లో పాలదబర ముట్టుకోనీటంలా. పుట్టింటికి పంపించెయ్యమంటది. నాకేమో మనసొప్పటంలా. అందుకని మీకాడికి తీసుకొచ్చా. చేతి దోషం పోవటానికి శాంతి చెయ్యండి."

జయకుమారి అప్పుడు తలెత్తింది. "నేను సరిగ్గానే పట్టానండీ. గేదె పాలని సగానికి సగం నీళ్ళు కలిపి, కాచి, చల్లార్చే పట్టానండీ."

శేషాచలంగారు లేచి నిలబడ్డారు. ఇప్పుడు అరుగు మీద ఎవరూ లేరు. మూఢంలో పురోహితుడి అరుగు మీదకి ఎవరొస్తారు? ఇంతకాలం మింగిందంతా ఒక్కసారిగా కక్కేశారాయన.

"ఆదెయ్యా, నా మాట విను. ఈ అమ్మాయి తప్పు పిసరంతైనా లేదు. తల్లినుంచి విడదీస్తే పిల్ల చచ్చిపోతుందని నాకు ముందే తెలుసు. తెలిసే ఇచ్చాను. నలుగురిలో నా మాట పోతుందని నోరు మూసుకున్నాను. తప్పు నాది. గడియా కాదు, చెయ్యీ కాదు. నేను."

ఆదెయ్య కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. గబగబా ముందుకొచ్చి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"మీరు దేవుళ్ళండీ. ఆడపిల్ల కాపురం నిలబెట్టటానికి ఆ తప్పు కూడా మీ నెత్తిన వేసుకుంటున్నారు. నలుగురిలో గడియ మంచిదన్న నోరు మీది. ఆ నోట అబద్ధం వస్తుందా? మీరు కాదన్నా నేన్నమ్మను."

"ఓరి నాయనా, నిజం చెప్తున్నానురా!"

"అట్టాగే అంటారు మరి! మీ నాన్నగారూ అంతే, ఎవరి పాపమన్నా తనదే అనేవారు."

శేషాచలంగారు రెండు చేతులతోనూ తల పట్టుకున్నారు. లోపల గుమ్మం దగ్గర దుర్గాంబ నిలబడి అంతా వింటోంది. ఆయన ఆమె వైపు చూశారు, నువ్వైనా చెప్పవే అన్నట్టు. ఆమె ఆనాడే చెప్పింది. ఎవరు విన్నారు?

జయకుమారి రెండడుగులు ముందుకొచ్చి గొంతు తగ్గించింది.

"మీరు చెప్పింది నిజమేనని నాకు తెలుసండీ. కానీ దాన్ని నేను ఇంటికి తీసుకుపోతే మా అత్త నమ్మదు. శాంతి చేయించుకొచ్చానంటే నమ్ముద్ది. చెయ్యండి, మీకు పుణ్యముంటది. నాకు పుట్టింట్లో ఎవరూ లేరండీ."

ఆయన లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కుని, పీటలు వేసి, చెంబుతో నీళ్ళు తెచ్చుకుని కూర్చున్నారు. దోషం ఎవరిదో, ఏ దోషమో, పేరూ గోత్రమూ పెట్టి పైకి చెప్తేగానీ శాంతి మొదలు కాదు. ఆయన ఆ పిల్లని గోత్రం అడిగారు. పేరు అడిగారు. తెలిసిన పేరే అయినా మళ్ళీ అడిగారు, ఆ మాత్రం ఆలస్యమన్నా అవుతుందని.

"జయకుమారి అండీ," అంది ఆ పిల్ల, చేతులు చాపి.

శేషాచలంగారు ఆ చేతుల్లో అక్షింతలు పోశారు. ఆదెయ్యకి స్పష్టంగా వినబడేలా గొంతు సవరించుకున్నారు. ఎన్నేళ్ళుగానో అలవాటైన కంఠం, ఎక్కడా తడబడలేదు.

"జయకుమారీ నామధేయవత్యాః అస్యాః హస్తదోష పరిహారార్థం..." అన్నారు.